మీ వెబ్ సర్వర్ బయట ఎవరితో మాట్లాడుతోంది? అనుమానాస్పద ఔట్‌బౌండ్ కనెక్షన్లు పట్టుకునే పద్ధతి

సర్వర్ సెక్యూరిటీ అనగానే అందరి చూపూ లోపలికొచ్చే ట్రాఫిక్ మీదే. ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ లాగిన్ తీసేశారా, ఫెయిల్‌టుబ్యాన్ పెట్టారా, సైట్‌ని క్లౌడ్‌ఫ్లేర్ వెనక పెట్టారా, ఇవే ప్రశ్నలు. సర్వర్ నుంచి బయటికి ఏం పోతోందని అడిగేవాళ్లు తక్కువ. ఉబుంటూలో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చేస్తే వచ్చే డిఫాల్ట్ చూడండి: లోపలికి డినై, బయటికి అలౌ. ఏడబ్ల్యూఎస్‌లో కొత్త సెక్యూరిటీ గ్రూప్ (అక్కడి ఫైర్‌వాల్) పెట్టినా అంతే, బయటికి ఎక్కడికైనా, ఏ పోర్టుకైనా వెళ్లొచ్చు. ఎటాకర్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే.

2021 డిసెంబర్‌లో బయటపడ్డ లాగ్‌ఫోర్‌షెల్, అదే లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ లైబ్రరీలోని లోపం, గుర్తుందా? అందులో ఎటాకర్ చేసేది ఒక చిన్న స్ట్రింగ్ పంపడం, యూజర్ ఏజెంట్‌లోనో సెర్చ్ బాక్స్‌లోనో. ఆ స్ట్రింగ్‌ని లాగ్ చేస్తూ మన జావా సర్వరే లేచి, ఎటాకర్ నడిపే ఎల్‌డాప్ సర్వర్‌కి కనెక్ట్ అయి, వాడిచ్చిన కోడ్ తెచ్చుకుని నడిపేది. అంటే అసలు ప్రమాదమంతా బయటికెళ్లే కనెక్షన్‌లోనే ఉంది. ఔట్‌బౌండ్ మూసేసి ఉన్న సర్వర్లలో, ప్యాచ్ వేయకపోయినా, ఆ మామూలు దారి అక్కడే తెగిపోయింది.

2017లో ఈక్విఫాక్స్ అనే అమెరికా క్రెడిట్ రిపోర్టుల కంపెనీ సంగతి దీనికి రెండో వైపు. అపాచీ స్ట్రట్స్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోని లోపంతో లోపలికొచ్చినవాళ్లు 76 రోజులు డేటా తోడుకున్నారు. ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ని విప్పి చూసే పరికరం కంపెనీ దగ్గర ఉంది, కానీ దాని సర్టిఫికెట్ గడువు నెలల తరబడి అయిపోయి ఉండటంతో అది ఏమీ చూడటం లేదు. జులై చివర్లో కొత్త సర్టిఫికెట్ వేశారో లేదో, అనుమానాస్పద ట్రాఫిక్ వెంటనే కనిపించింది. పరికరం కొన్నారు, పెట్టారు, అది పనిచేస్తోందా లేదా మాత్రం ఎవరూ చూడలేదు. నా మటుకు నేను ఖరీదైన టూల్స్ కన్నా ముందు, సర్వర్‌లో ఇప్పటికే ఉన్న వాటితో మొదలుపెట్టమంటాను.

ఈ వ్యాసమంతా ఒక మామూలు సెటప్ మీద రాస్తున్నాను: ఉబుంటూ సర్వర్, ఎన్‌జింక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్ నడిపేది), దాని మీద వర్డ్‌ప్రెస్, వూకామర్స్ షాపు. మీది జావా అయినా నోడ్ అయినా పద్ధతి మారదు, యూజర్ పేర్లు మారతాయంతే. కమాండ్లు నోటితో చెప్పుకున్నట్టే రాస్తున్నాను, టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లిష్‌లో కొట్టండి.

మొదటి పని: వెళ్లాల్సిన చోట్ల జాబితా

చాలామంది చెడ్డ ఐపీల లిస్టులు డౌన్‌లోడ్ చేసుకోవడంతో మొదలుపెడతారు. నాకది నచ్చదు. ఊళ్లో దొంగల పేర్లన్నీ బట్టీ పట్టడం కన్నా మనింటికి రావాల్సినవాళ్లు ఎవరో తెలుసుకోవడం తేలిక. వెబ్ సర్వర్ పని జవాబు చెప్పడం. తనంతట తానుగా బయటికెళ్లి ఎవరినో పలకరించాల్సిన అవసరం దానికి చాలా తక్కువ. అందుకే ఆ తక్కువ అవసరాలేవో రాసుకుంటే, మిగిలిందంతా అనుమానించదగ్గదే అవుతుంది.

మన షాపు ఉదాహరణలో అవేంటి? వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ల కోసం వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌కి చెందిన ఏపీఐ, డౌన్‌లోడ్ అడ్రస్‌లు. రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వే. ఓటీపీలు పంపే ఎస్ఎంఎస్ గేట్‌వే. మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ సర్వీస్, సాధారణంగా 587 పోర్టు మీద. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్‌ల లైసెన్స్ సర్వర్లు. ఇవి వెబ్ యూజర్ (వెబ్ సర్వర్ నడిచే అకౌంట్, ఉబుంటూలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా) పేరు మీద వెళ్లేవి. రూట్ పేరు మీద ఉబుంటూ ప్యాకేజీల సర్వర్లు, లెట్స్ ఎన్‌క్రిప్ట్, బ్యాకప్ స్టోరేజ్ ఉంటాయి. టైమ్ సింక్ 123 పోర్టు మీద దాని సొంత యూజర్‌తో వెళ్తుంది.

జాబితాలో ప్రతి వరుసకీ నాలుగు విషయాలు రాయండి: ఎక్కడికి, ఏ పోర్టు, ఏ యూజర్, ఎప్పుడు. ఈ మూడో గడి చాలామంది వదిలేస్తారు. నిజానికి అదే ముఖ్యం. ప్యాకేజీల సర్వర్‌కి రూట్ వెళ్లడం మామూలు సంగతి, అదే చోటికి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ వెళ్తే వాడికి అక్కడేం పని?

ఇంకొకటి. వర్డ్‌ప్రెస్ తనకు తానే ఫోన్ చేసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ క్రాన్ (వేళకి చేయాల్సిన పనులు నడిపేది), సైట్ హెల్త్ చెక్ రెండూ మీ సైట్ సొంత డొమైన్‌కే రిక్వెస్ట్ పంపుతాయి. సైట్ క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉంటే ఇది బయటి ఐపీకి వెళ్లే కనెక్షన్‌లా కనబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు దీనికి కంగారుపడతారు. ముందే జాబితాలో రాసేసుకోండి.

ఇప్పుడు ఏముందో ఒకసారి చూడటం

రూట్‌గా ఎస్ఎస్ కమాండ్‌ని టీ, యూ, ఎన్, పీ ఆప్షన్లతో నడపండి. టీసీపీ, యూడీపీ సాకెట్లు, పేర్లు కాకుండా నంబర్లు, వాటి వెనకున్న ప్రాసెస్ వస్తాయి. సూడో లేకుండా నడిపితే వేరే యూజర్ల ప్రాసెస్ పేర్లు రావు, అప్పుడు సగం సమాచారం పోయినట్టే.

వచ్చినదాంట్లో లోపలికొచ్చిన కనెక్షన్, బయటికెళ్లిన కనెక్షన్ కలిసిపోయి ఉంటాయి. విడదీయడం ఎలాగంటే, లోకల్ వైపు పోర్టు 80 లేదా 443 అయితే అది కస్టమర్ మన దగ్గరికొచ్చింది. లోకల్ వైపు 32768 నుంచి 60999 మధ్య ఏదో పెద్ద నంబర్, అవతలి వైపు 443, 25, 3333 లాంటి స్థిరమైన పోర్టు ఉంటే అది మన సర్వర్ వెళ్లి తలుపు తట్టింది. లినక్స్‌లో డిఫాల్ట్‌గా బయటికెళ్లే కనెక్షన్లకు ఇచ్చే పోర్టుల వరుస అదే. 127తో మొదలయ్యే అడ్రస్‌లు పక్కన పెట్టేయండి, అది డేటాబేస్, రెడిస్ గోల. అలాగని లోకల్ వైపు 443 ఉన్నదల్లా మంచిదని కాదు, దాని గురించి కింద చెప్తాను.

స్టేట్ కాలమ్ కూడా చూడండి. సిన్-సెంట్ అని ఒకటీ అరా కనబడితే సరే, ఎవరో జవాబివ్వలేదు. వందల కొద్దీ సిన్-సెంట్‌లు, అన్నీ వేర్వేరు ఐపీలకి 22 పోర్టు మీదో 80 మీదో ఉన్నాయంటే మీ సర్వర్ ఇంటర్నెట్ మీద పడి ఇంకొకళ్లని స్కాన్ చేస్తోంది. అప్పటికి మీ హోస్టింగ్ కంపెనీ నుంచి అబ్యూజ్ మెయిల్ వచ్చి స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉండొచ్చు, చూసుకోండి.

ఎస్ఎస్‌తో ఒక చిక్కు ఉంది. అది ఆ క్షణానికి తీసిన ఫోటో. అర సెకను బతికి చచ్చిపోయే కనెక్షన్ అందులో పడదు. పని ముగిసి టైమ్-వెయిట్ స్టేట్‌లోకి వెళ్లినదానికి ప్రాసెస్ పేరు ఉండదు. కొత్త కనెక్షన్లు పుట్టగానే లైవ్‌గా చూడాలంటే బీసీసీ టూల్స్ ప్యాకేజీలోని టీసీపీకనెక్ట్ వాడండి, ఉబుంటూలో దాని పేరు చివర బీపీఎఫ్‌సీసీ అని ఉంటుంది. ఏ ప్రాసెస్, ఏ ఐపీ, ఏ పోర్టు అని ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో లైను పడుతుంది. యూజర్‌ని బట్టి వడపోయొచ్చు కూడా. పది నిమిషాలు అలా వదిలేసి చూస్తే మీ సైట్ గురించి మీకు తెలియని సంగతులు కొన్ని తెలుస్తాయి, ఎప్పుడో తీసేశామనుకున్న ప్లగిన్ ఇంకా దాని కంపెనీకి కబుర్లు పంపుతుండటం లాంటివి.

అనుమానం వస్తే ప్రాసెస్‌ని విప్పి చూడటం

ఇక్కడ కాస్త నింపాదిగా చూద్దాం. అనుకోండి, ఎస్ఎస్‌లో ఒక లైను: అవతల 203.0.113.45, పోర్టు 3333, ప్రాసెస్ పేరు కేవర్కర్, పీఐడీ (ప్రాసెస్ నంబర్) 20817. ఈ ఐపీ ఉదాహరణల కోసం కేటాయించిన వరుసలోది, వెతక్కండి. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్‌లో చూస్తే అది చదరపు బ్రాకెట్లలో, అచ్చం లినక్స్ తన సొంత పనులకి నడుపుకునే కెర్నల్ థ్రెడ్‌లా కనబడుతోంది, యూజర్ మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా.

దొరికిపోయాడు. నిజమైన కేవర్కర్ ఎప్పుడూ రూట్ పేరు మీదే ఉంటుంది, దాని పేరెంట్ పీఐడీ 2, కేథ్రెడ్‌డీ అనేది. దానికి డిస్క్ మీద ఫైల్ ఉండదు. వెబ్ యూజర్ పేరు మీద కెర్నల్ థ్రెడ్ అనేది ఉండనే ఉండదు. కిన్సింగ్ మాల్వేర్‌తో వచ్చే మైనర్ (మన సర్వర్ మీద దొంగతనంగా క్రిప్టోకరెన్సీ తవ్వే ప్రోగ్రామ్) కూడా ఇదే వేషం వేస్తుంది, కేడెవ్‌టీఎంపీఎఫ్ఎస్ అనే అసలైన కెర్నల్ థ్రెడ్ పేరుకి చివర ఒక ఐ తగిలించుకుని తిరుగుతుంది. తొందరలో చూస్తే కళ్లు మోసపోతాయి.

ఇప్పుడు ప్రాక్ డైరెక్టరీలో 20817 ఫోల్డర్‌లోకి వెళ్లండి. ఎగ్జీ అనే లింకు అసలు ఏ ఫైల్ నడుస్తోందో చెప్తుంది. స్లాష్ టెంప్ నుంచో స్లాష్ డెవ్ కింద ఎస్‌హెచ్ఎం నుంచో నడుస్తుంటే ఇంకో మాట అక్కర్లేదు. చివర డిలీటెడ్ అని కనబడితే నడిపించాక ఫైల్‌ని చెరిపేశారన్నమాట, అయినా ప్రాసెస్ బతికున్నంతసేపూ ఆ ఎగ్జీ లింకుని కాపీ చేస్తే పూర్తి ఫైల్ మీ చేతికొస్తుంది. అందుకే తొందరపడి కిల్ కొట్టొద్దు. సీడబ్ల్యూడీ లింకు ఏ ఫోల్డర్‌లో పుట్టిందో చెప్తుంది, అది వర్డ్‌ప్రెస్ అప్‌లోడ్స్ ఫోల్డర్ అయితే దొంగ ఏ తలుపున వచ్చాడో సగం తెలిసిపోయినట్టే, ఎందుకంటే ఫోటోలు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైల్ ఉండి ఉంటుంది. ప్రాసెస్ సీజీఐ ద్వారా పుట్టినదైతే ఎన్విరాన్ అనే ఫైల్‌లో రిక్వెస్ట్ వివరాలు, పంపినవాడి ఐపీతో సహా దొరకొచ్చు.

తర్వాత ప్రాసెస్ మొదలైన సమయం చూడండి, పీఎస్‌లో ఎల్‌స్టార్ట్ అనే కాలమ్ అడిగితే వస్తుంది. రాత్రి 2 గంటల 14 నిమిషాల 07 సెకన్లు అనుకుందాం. ఎన్‌జింక్స్ యాక్సెస్ లాగ్‌లో ఆ నిమిషం తెరవండి. 2:14:06కి ఎవడో ఒక పీహెచ్‌పీ ఫైల్‌కి పోస్ట్ రిక్వెస్ట్ పంపి 200 జవాబు తీసుకుని ఉంటాడు. ఆ ఐపీని పట్టుకుని వెనక్కి వెళ్తే మొదట ఎప్పుడొచ్చాడు, ఏ ప్లగిన్ మీద ప్రయత్నించాడు, అన్నీ వరుసగా బయటికొస్తాయి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. ఫైళ్లు వెతికేటప్పుడు ఎంటైమ్‌ని (ఫైల్ మార్చిన సమయం) నమ్మకండి, టచ్ కమాండ్‌తో దాన్ని పాత తేదీకి మార్చేయడం వాళ్లకి అలవాటే. ఫైండ్‌లో సీటైమ్ (ఫైల్ వివరాలు మారిన సమయం) మీద వెతకండి.

రోజూ చూడలేం కాబట్టి లాగ్ పెట్టడం

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో పెట్టిన శ్రమకి ఎక్కువ ఫలితమిచ్చేది ఇదొక్కటే. లినక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి ఒక ప్యాకెట్ ఏ యూజర్ ప్రాసెస్ నుంచి బయల్దేరిందో తెలుసు. కాబట్టి ఔట్‌పుట్ చైన్‌లో (బయటికెళ్లే ప్యాకెట్ల రూల్స్ ఉండే చోట) మూడు రూల్స్ వరుసగా రాయండి. మొదటిది, లూప్‌బ్యాక్ మీద, అంటే సర్వర్ లోపల్లోపలే, పోయేదాన్ని వదిలేయడం. రెండోది, ఎస్‌కే యూఐడీ (ప్యాకెట్ పంపిన యూజర్ నంబర్) 33 అయి, కొత్త కనెక్షన్ అయి, గమ్యం మన అనుమతించిన సెట్‌లో ఉంటే వదిలేయడం. డెబియన్, ఉబుంటూల్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా నంబర్ 33, రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే అపాచీ, ఎన్‌జింక్స్ అనే యూజర్లుంటాయి, వాటి నంబర్లు ఐడీ కమాండ్‌తో చూసుకోండి. మూడోది, మిగిలిన యూఐడీ 33 కొత్త కనెక్షన్లన్నిటినీ లాగ్ చేయడం, ప్రిఫిక్స్ వెబ్‌అవుట్ లాంటిది పెట్టి, ఫ్లాగ్స్‌లో ఎస్‌కే యూఐడీ జోడించి.

పాత ఐపీటేబుల్స్ వాడేవాళ్లకి ఓనర్ మాడ్యూల్‌లో యూఐడీ-ఓనర్ ఇదే పని చేస్తుంది, లాగ్‌కి లాగ్-యూఐడీ ఆప్షన్ ఇవ్వండి. ఐపీటేబుల్స్ ఒక్కటే పెట్టి ఐపీ6టేబుల్స్ మర్చిపోతే సగం గోడ కట్టినట్టు, ఐపీవీ6 మీద ట్రాఫిక్ దర్జాగా పోతుంది. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఐనెట్ రకం టేబుల్ పెడితే రెండూ ఒకే చోట వస్తాయి, గమ్యాల సెట్లు మాత్రం వీ4కి ఒకటి, వీ6కి ఒకటి వేరుగా పెట్టాలి.

లాగ్ లైన్లు కెర్నల్ లాగ్‌లో పడతాయి, జర్నల్‌సీటీఎల్‌కి కె ఆప్షన్ ఇస్తే కనబడతాయి. లైన్‌లో డీఎస్‌టీ అంటే గమ్యం, డీపీటీ అంటే గమ్యం పోర్టు, యూఐడీ చివర్లో ఉంటుంది. ఈ లాగ్‌ని అదే నిమిషంలో వేరే సర్వర్‌కి పంపేలా ఆర్‌సిస్‌లాగ్ పెట్టండి, లోపలికొచ్చి రూట్ సంపాదించినవాడు మొదట చెరిపేది లాగ్‌లనే.

ఇప్పుడు అసలు తలనొప్పి. అనుమతించిన సెట్ ఐపీలతో నడుస్తుంది, పేమెంట్ గేట్‌వేలు, ప్లగిన్ సర్వర్లు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్‌ల వెనక ఉండి ఐపీలు మారుస్తూనే ఉంటాయి. వారం తిరక్కుండానే మీ లాగ్ నిండా తప్పుడు అలారంలు. దీనికి నాకు నచ్చిన పరిష్కారం మధ్యలో స్క్విడ్ ప్రాక్సీ, అంటే రిక్వెస్ట్‌లని తన గుండా బయటికి పంపే ప్రోగ్రామ్, ఒకటి పెట్టడం. డొమైన్ పేర్ల జాబితా స్క్విడ్‌లో ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌కి కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రాక్సీ హోస్ట్, ప్రాక్సీ పోర్ట్ అనే రెండు కాన్‌స్టెంట్లు ఇస్తే దాని హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌లు అటుగా వెళ్తాయి. సొంతంగా కర్ల్ (యూఆర్ఎల్‌లు తెచ్చే టూల్) పిలిచే ప్లగిన్‌లు కొన్ని ఆ మాట వినవు, వాటిని విడిగా చూసుకోవాలి. ఇక వెబ్ యూజర్‌కి అనుమతించే గమ్యం దాదాపు ఒక్కటే, స్క్విడ్ ఉన్న 3128 పోర్టు, మెయిల్ సర్వర్ తప్ప. మాల్వేర్ చాలావరకు ప్రాక్సీ సంగతి తెలియక నేరుగా బయటికి పోబోతుంది, వెంటనే వెబ్‌అవుట్ లాగ్‌లో పడుతుంది. ప్రాక్సీ గుండా వెళ్దామనుకున్న తెలివైనదానికి స్క్విడ్ లాగ్‌లో డొమైన్ పేరు దొరుకుతుంది.

లినక్స్ ఆడిట్ సర్వీస్ ఆడిట్‌డీ సంగతి కూడా చెప్పాలి. కనెక్ట్ సిస్టమ్ కాల్‌ని ఆడిట్ చేయమని చాలా గైడ్‌లు చెప్తాయి, చేయొచ్చు, కానీ పీహెచ్‌పీ ప్రతి పేజీకీ డేటాబేస్ సాకెట్‌కి కనెక్ట్ అవుతుంది కాబట్టి లాగ్ వరదైపోతుంది. దానికి బదులు యూఐడీ 33 చేసే ఎగ్జెక్‌వీఈ (ప్రోగ్రామ్ నడిపే) కాల్స్ ఆడిట్ చేయండి. వెబ్ యూజర్ కొత్త ప్రోగ్రామ్ నడపడం అరుదు, ఫోటోల సైజు మార్చే ఏ ఇమేజ్‌మ్యాజిక్కో తప్ప. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం కింద షెల్ పుట్టి, ఆ షెల్ కింద కర్ల్ పుట్టి, అదే సెకనులో వెబ్‌అవుట్ లాగ్‌లో కొత్త గమ్యం పడిందంటే ఇక ఆలోచించేదేం లేదు.

డీఎన్ఎస్‌ని మర్చిపోకండి

ఉబుంటూలో డీఎన్ఎస్ ప్రశ్న (ఈ డొమైన్ పేరుకి ఐపీ ఏదని అడగడం) 127.0.0.53కి వెళ్తుంది, అక్కడి నుంచి సిస్టమ్‌డీ-రిజాల్వ్ అనే యూజర్ బయటికి పంపుతుంది. కాబట్టి పైన రాసిన యూఐడీ 33 రూల్‌కి డీఎన్ఎస్ కనబడదు. మామూలు పోర్టులన్నీ మూసేసిన సర్వర్ నుంచి కూడా డేటా డీఎన్ఎస్ ప్రశ్నల్లో దాక్కుని పోగలదు, ఒక్కో పేరు ముక్కలో 63 అక్షరాల దాకా, మొత్తం పేరులో 253 దాకా. లోకల్ డీఎన్ఎస్ రిజాల్వర్‌గా అన్‌బౌండ్ గానీ డీఎన్ఎస్‌మాస్క్ గానీ పెట్టి ప్రశ్నలన్నీ లాగ్ చేయండి.

అందులో చూడాల్సినవి: అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల పేర్లు ఒకే డొమైన్ కింద వందల కొద్దీ, మీ సైట్‌కి అవసరం లేని టీఎక్స్‌టీ రకం ప్రశ్నలు, మైనింగ్ పూల్ అని పేరులోనే రాసున్న డొమైన్‌లు. వెబ్ యూజర్ లోకల్ రిజాల్వర్‌ని దాటేసి నేరుగా బయటి 53 పోర్టుకి వెళ్తే అది వెబ్‌అవుట్ రూల్‌లోనే పడుతుంది, దాన్ని గట్టి సాక్ష్యంగానే తీసుకోండి.

లాగ్‌లో ఏం చూస్తే అనుమానించాలి

పోర్టులతో మొదలుపెడితే, 25కి వెళ్తుంటే స్పామ్, ముఖ్యంగా మీరు మెయిల్ 587 మీద పంపుతున్నప్పుడు. 3333, 5555, 14444 లాంటివి మైనింగ్ పూల్స్‌లో ఎక్కువ కనబడతాయి. 4444 మెటాస్‌ప్లాయిట్ అనే ఎటాక్ టూల్ డిఫాల్ట్. 6667 పాతకాలపు ఐఆర్‌సీ (చాట్) బాట్‌లు. ఎల్‌డాప్‌కి వాడే 389, 1389 జావా సర్వర్ నుంచి బయటి ఐపీకి వెళ్తే లాగ్‌ఫోర్‌షెల్ గుర్తుచేసుకోండి.

443 అయితే మంచిదేనా? కాదు. ఇప్పుడు అందరూ దాని మీదే వస్తారు. దొంగిలించిన కార్డు వివరాలు టెలిగ్రామ్ బాట్‌కి పంపడం మామూలైపోయింది, అవతలి ఐపీ చూస్తే పేరున్న కంపెనీది, చెడ్డ లిస్టుల్లో ఎక్కడా ఉండదు. మీ సైట్‌లో టెలిగ్రామ్ బాట్ పెట్టలేదని మీకు తెలుసు, అందుకే జాబితా. డొమైన్ పేరు టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేటప్పుడు ఎస్ఎన్ఐ అనే గడిలో సాధారణంగా తెరిచే వెళ్తుంది, ట్రాఫిక్‌ని గమనించే జీక్ గానీ సురికాటా గానీ పెడితే రాసిపెడుతుంది.

తర్వాత లయ. బాట్‌లు యజమానిని ఆదేశాల కోసం పలకరిస్తూ ఉంటాయి. ఒక్కో గమ్యానికి పడిన లాగ్ లైన్ల సమయాలు తీసి ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేయండి, తేడాలు 60, 61, 59, 60 అని వస్తుంటే మనిషి పని కాదు. కస్టమర్లు వచ్చినప్పుడే పేమెంట్ గేట్‌వేకి కనెక్షన్లు పెరుగుతాయి, తెల్లవారుజామున తగ్గుతాయి. బాట్‌కి ఆ తేడా లేదు, సైట్ ఖాళీగా ఉన్నా అదే లయ. కొన్ని కావాలనే సమయాన్ని అటూ ఇటూ జరుపుతాయి, అయినా రోజంతా గ్రాఫ్ గీస్తే తెలిసిపోతుంది. మానిటరింగ్ ఏజెంట్లదీ ఇదే లయ, వాటిని ముందే పక్కన పెట్టుకోండి.

ఇంకా ఒకటి, ఎంత డేటా ఎటు పోయింది. సర్వర్ తానుగా వెళ్లిన కనెక్షన్లలో మామూలుగా చిన్న ప్రశ్న పంపి జవాబు తెచ్చుకుంటుంది. అలాంటి కనెక్షన్‌లో పంపినది 400 ఎంబీ, తెచ్చుకున్నది 20 కేబీ అంటే అది బ్యాకప్ అయినా అయ్యుండాలి, మీ డేటాబేస్ అయినా అయ్యుండాలి. కనెక్షన్ ట్రాకింగ్‌లో అకౌంటింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ ఏసీసీటీ అనే సిస్‌సీటీఎల్‌ని 1 చేస్తే బైట్ల లెక్క వస్తుంది.

169.254.169.254 కనబడితే ఆగండి. అది క్లౌడ్ మెషీన్ తన సొంత వివరాలు, తాత్కాలిక కీలు తెచ్చుకునే చోటు. యూఆర్ఎల్ ఇస్తే బొమ్మ తెచ్చే ఫీచర్, లింక్ ప్రివ్యూ, పీడీఎఫ్ తయారీ లాంటి వాటికి ఎవడైనా ఈ అడ్రస్ ఇస్తే మీ సర్వరే వెళ్లి కీలు తెచ్చి వాడి చేతిలో పెడుతుంది. 2019లో క్యాపిటల్ వన్‌లో జరిగింది ఈ రకమే, అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ ఏడాది నవంబర్‌లోనే ఏడబ్ల్యూఎస్ టోకెన్ అడిగే రెండో వెర్షన్ తెచ్చింది, మీ మెషీన్లలో అదే తప్పనిసరి చేయండి. ఈ అడ్రస్‌కి పోయే ట్రాఫిక్ వీపీసీ ఫ్లో లాగ్స్‌లో (ఏడబ్ల్యూఎస్ తన నెట్‌వర్క్‌లో రాసే ట్రాఫిక్ చిట్టా) పడదు, అమెజాన్ సొంత డీఎన్ఎస్ సర్వర్‌కి వెళ్లేదీ పడదు. కాబట్టి ఫ్లో లాగ్స్ ఆన్ చేశాం, హోస్ట్‌లో లాగ్ ఎందుకులే అనుకోవద్దు.

పద్ధతి పనిచేయని చోట్లు

డాకర్ వాడుతుంటే పైన చెప్పిన యూఐడీ రూల్ కంటైనర్లకి పనిచేయదు. వాటి ట్రాఫిక్ ఔట్‌పుట్ చైన్‌లో కాదు, ఫార్వర్డ్ చైన్‌లో పోతుంది. లాగ్ రూల్ డాకర్-యూజర్ చైన్‌లో, కంటైనర్ ఐపీని బట్టి పెట్టాలి. హోస్ట్‌లో ఎస్ఎస్ కొట్టినా కంటైనర్ లోపలి కనెక్షన్లు కనబడవు, ఎన్ఎస్ఎంటర్‌తో ఆ కంటైనర్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి చూడాలి. చాలామంది హోస్ట్‌లో చూసి అంతా ప్రశాంతంగా ఉందనుకునేది ఇక్కడే.

వెబ్‌షెల్ (వెబ్ రిక్వెస్ట్‌తో కమాండ్లు నడిపే ఫైల్) ఒక్కటే వేసి, దానితో మామూలు 443 రిక్వెస్ట్‌ల ద్వారానే పని చేయించుకునేవాడు ఔట్‌బౌండ్‌లో అసలు కనబడడు. లోకల్ వైపు 443 ఉన్నదల్లా మంచిది కాదన్నది అందుకే. దానికి యాక్సెస్ లాగ్, ఎగ్జెక్‌వీఈ ఆడిట్ దిక్కు.

వాడు రూట్ సంపాదించాక యూఐడీ 33 లెక్కలోకి రాడు, పైగా ఎస్ఎస్, పీఎస్ కమాండ్ల నోటితోనే అబద్ధం చెప్పించగలడు. ఈటీసీలో ఎల్‌డీ డాట్ ఎస్ఓ డాట్ ప్రీలోడ్ అనే ఫైల్ (ప్రతి ప్రోగ్రామ్‌లోకీ ముందే ఎక్కించే కోడ్ పేర్లు రాసే చోటు) ఉందేమో చూడండి, మామూలు ఉబుంటూలో అది ఉండదు. సర్వర్ లోపల చూపించే లెక్కకి, బయట ఫ్లో లాగ్స్ గానీ రౌటర్ గానీ చూపించే లెక్కకి తేడా వస్తే బయటిదాన్నే నమ్మండి.

దొరికాక ఏం చేయాలి

రీబూట్ చేయకండి. మెమరీలో ఉన్నదంతా పోతుంది. ప్రాసెస్‌ని చంపకుండా కిల్ కమాండ్‌కి స్టాప్ సిగ్నల్ ఇచ్చి గడ్డకట్టించండి, ఎగ్జీ కాపీ తీసుకోండి, ఎస్ఎస్, పీఎస్, ఎల్ఎస్ఓఎఫ్ ఫలితాలు వేరే మెషీన్‌లో దాచండి, డిస్క్ స్నాప్‌షాట్ తీయండి. వెబ్ యూజర్ క్రాన్‌ట్యాబ్ (వేళకి నడిచే పనుల జాబితా) కూడా కాపీ చేయండి, పోయిందనుకున్న మైనర్ నిమిషం తిరక్కుండా మళ్లీ లేచేది చాలాసార్లు అక్కడి నుంచే. టెన్షన్‌లో ఎటాకర్ ఐపీని ఆ సర్వర్ నుంచే బ్రౌజ్ చేసి చూడటం లాంటివి మాత్రం చేయొద్దు. ఆ ఐపీ ఎవరిదో హూఈజ్‌తో, వైరస్‌టోటల్‌లో మీ ల్యాప్‌టాప్ నుంచి చూసుకోండి.

తర్వాత నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. ఏడబ్ల్యూఎస్‌లో సెక్యూరిటీ గ్రూప్ రూల్ తీసేసినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న కనెక్షన్ వెంటనే తెగకపోవచ్చు. వెంటనే తెగాలంటే నెట్‌వర్క్ ఏసీఎల్‌లో అడ్డుకోండి, అయితే అది ఆ సబ్‌నెట్ మొత్తానికీ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

భారత్‌లో కంపెనీ నడుపుతుంటే ఇంకో గడియారం కూడా తిరుగుతుంటుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకి రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచి ఉంచాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదిమందితో నడిచే కంపెనీ అయినా సరే. కెర్నల్ లాగ్ వారానికోసారి చెరిగిపోయేలా లాగ్‌రొటేట్ ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

సర్వర్‌ని శుభ్రం చేసి వాడదామనే ఆలోచన మానుకోండి, కొత్తది కట్టండి. డేటాబేస్ పాస్‌వర్డ్, వర్డ్‌ప్రెస్ సాల్ట్‌లు (లాగిన్ కుకీల రహస్య కీలు), పేమెంట్ గేట్‌వే కీలు, ఎస్ఎంటీపీ పాస్‌వర్డ్, ఎస్ఎస్‌హెచ్ కీలు, అన్నీ మార్చాలి, వాటిలో ఏది చదివాడో మనకి తెలిసే దారి లేదు. కొత్త సర్వర్‌లో వెబ్‌అవుట్ రూల్‌ని మొదటి రోజు నుంచే పెట్టి, నెలాఖరు బిల్లింగ్, వారం బ్యాకప్ లాంటివన్నీ ఒకసారి తిరిగేదాకా లాగ్ మాత్రమే చేయనివ్వండి. జాబితా కుదుటపడ్డాక మూడో రూల్ చివర డ్రాప్ చేర్చండి. ముందే డ్రాప్ పెడితే పేమెంట్‌లు ఆగిపోయి, ఎవరో అర్ధరాత్రి మొత్తం ఫైర్‌వాల్‌నే ఆఫ్ చేసి పడుకుంటారు.

ఈలోగా దొరికిన ఆ గమ్యం ఐపీ, డొమైన్ రెండింటినీ మీ మిగతా సర్వర్ల లాగ్‌లలో, ఆఫీస్ రౌటర్ లాగ్‌లో, మార్పులు పరీక్షించే స్టేజింగ్ మెషీన్‌లో కూడా వెతకండి. ముఖ్యంగా స్టేజింగ్‌లో, ఎందుకంటే ప్లగిన్‌లు అప్‌డేట్ చేయకుండా అందరూ వదిలేసేది దాన్నే, పాస్‌వర్డ్‌లు మాత్రం ప్రొడక్షన్‌వే ఉంటాయి.